అంతా డీఎన్ఏలోనే రాసి ఉందా? గద్వాల పత్తి చేను చెప్పిన జవాబు

 

పోయిన వీడియోలో భగవద్గీత పదమూడో అధ్యాయం, అంటే క్షేత్రం, క్షేత్రజ్ఞుడు గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు ఇలా అడిగాడు: "అన్నా, మన కోపం, మన తెలివి, మనకొచ్చే రోగాలు అన్నీ డీఎన్ఏలోనే రాసి ఉంటాయంటున్నారు. మరి కర్మ ఎందుకు? జపం ఎందుకు, సాధన ఎందుకు? రాసి ఉన్నది ఎలాగూ జరుగుతుంది కదా?"

వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పేసే ప్రశ్న కాదిది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్తాను. "డీఎన్ఏ గురించి మన వేదాల్లో ఎప్పుడో చెప్పేశారు" అనే టైపు పోస్టు కాదిది. అలాంటివి వాట్సాప్‌లో మీకు రోజూ వస్తూనే ఉంటాయి. నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బయాలజీ నాకు పుస్తకంలో కంటే ముందు పత్తి చేనులో పరిచయమైంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

సాయంత్రం మొగ్గ, పొద్దున పువ్వు

మాది గద్వాల దగ్గర ఒక ఊరు. కృష్ణకు, తుంగభద్రకు మధ్యన ఉన్న నేల కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. 2016 దసరా నాడు పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలయ్యాయి. గద్వాల పేరు ముందు జోగులాంబ అని అమ్మవారి పేరు పెట్టారు. బయటివాళ్ళకి గద్వాల అంటే చీరలు గుర్తొస్తాయి. రైతులకి మాత్రం సీడ్ పత్తి గుర్తొస్తుంది. దేశంలో ఎక్కడెక్కడో వేసే హైబ్రిడ్ పత్తి విత్తనం చాలావరకు ఇలాంటి ప్రాంతాల్లోనే తయారవుతుంది.

ఎలా తయారవుతుందో చాలామందికి తెలియదు. మెషీన్‌తో కాదు, చేతి వేళ్ళతో.

పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఒకేచోట ఉంటాయి. వదిలేస్తే తన పుప్పొడి తన మీదే పడి కాయ కాస్తుంది. హైబ్రిడ్ కావాలంటే ఆ పని జరగకుండా ఆపాలి. అందుకని ఆడ సాళ్ళు, మగ సాళ్ళు వేరుగా వేస్తారు. సాయంత్రం పూట ఆడ సాళ్ళలోకి దిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకుల్ని, వాటితోపాటు పుప్పొడి తిత్తుల్ని వలిచేస్తారు. మధ్యలో ఉన్న సన్నటి కాడకు, కింద ఉన్న చిన్న అండాశయానికి గోరు తగలకూడదు. వలిచిన మొగ్గకు గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున మగ సాలులోంచి పువ్వు కోసుకొచ్చి, ఆ కాడ కొసకు మెల్లగా అద్దుతారు. దీన్నే మా దగ్గర క్రాసింగ్ అంటారు. శ్రావణంలో మొదలైతే రెండు నెలలకు పైగా రోజూ ఇదే పని. ఒక్క మొగ్గ వదిలేసినా అది స్వంత పుప్పొడితో కాయ కట్టేస్తుంది.

ఇలా చేత్తో క్రాస్ చేసి వ్యాపార స్థాయిలో హైబ్రిడ్ పత్తిని ప్రపంచంలో మొదట తెచ్చింది మన దేశమే. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ గారు విడుదల చేసిన హెచ్-4 అది. ఆ గోటి పని దేశమంతా పాకి మా నడిగడ్డ దాకా వచ్చింది.

ఇప్పుడు ఆ పొద్దున అద్దిన పుప్పొడి రేణువు లోపలికి వెళ్దాం. అది కాడ కొస మీద పడగానే ఒక సన్నటి గొట్టంలా మొలకెత్తి, కాడ లోపలి నుంచి కిందికి దిగి అండాన్ని చేరుతుంది. పుప్పొడి తెచ్చేది 26 క్రోమోజోములు, అండంలో ఉండేవి 26. రెండూ కలిసి 52. అదే కొత్త పత్తి మొక్క మొదటి కణం. మనకైతే తండ్రి నుంచి 23, తల్లి నుంచి 23. లెక్క వేరు, పద్ధతి మాత్రం ఒకటే. మీరైనా నేనైనా మొదలైంది ఇలాంటి ఒక్క కణంతోనే.

మూలవిరాట్టు గర్భగుడి దాటదు

కణంలో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే ఒక గుడిని ఊహించుకోండి.

గుడిలో మూలవిరాట్టు గర్భగుడి దాటి బయటికి రాదు. ఊరేగింపుకు వచ్చేది ఉత్సవ మూర్తి. కణంలో కూడా కేంద్రకం అనే గర్భగుడి ఉంటుంది. డీఎన్ఏ అందులోనే ఉంటుంది, బయటికి రాదు. నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి రాత అది. మనిషిలో ఒక పూర్తి ప్రతికి దాదాపు 300 కోట్ల అక్షరాలు. ఒక కణంలోని డీఎన్ఏను దారంలా సాగదీస్తే సుమారు రెండు మీటర్లు వస్తుందంటారు. అంత పొడవున్నది కంటికి కనపడని కేంద్రకంలో చుట్టుకుని ఉంటుంది.

ఒక పని జరగాల్సి వచ్చినప్పుడు, మొత్తం రాతలో ఆ పనికి సంబంధించిన ముక్కకు మాత్రమే ఒక నకలు తయారవుతుంది. ఆ ముక్కను జన్యువు అంటాం, నకలును ఆర్ఎన్ఏ అంటాం. బయటికి వచ్చేది ఈ ఆర్ఎన్ఏనే. మన ఉత్సవ మూర్తి అన్నమాట. పోలిక ఇక్కడిదాకానే. ఉత్సవ మూర్తి ఊరేగి మళ్ళీ గుడికి చేరుకుంటాడు. ఆర్ఎన్ఏ మాత్రం పని అయ్యాక విడిపోయి కరిగిపోతుంది.

బయట రైబోజోమ్ అనే చిన్న కార్ఖానా ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. నాలుగు అక్షరాల్ని మూడేసి కలిపితే 64 మాటలు. ఒక్కో మాటకు ఒక్కో అమైనో ఆమ్లం, మూడు మాటలకు మాత్రం "ఇక ఆపు" అని అర్థం. అమైనో ఆమ్లాలు 20 రకాలు. వాటిని పూసల్లా గుచ్చితే వచ్చే దండే ప్రోటీన్. ఈ మాటల అర్థం విప్పినందుకు 1968లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో అవిభక్త భారతదేశంలో పుట్టిన హరగోవింద్ ఖొరానా ఒకరు. రైబోజోమ్ ఆకారం తేల్చినందుకు 2009లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు.

ప్రోటీన్ అనగానే మనకి జిమ్ డబ్బాలు గుర్తొస్తాయి. అసలు ఒంట్లో పని చేసేదంతా ప్రోటీనే. అన్నం అరిగించేది, రక్తంలో ఆక్సిజన్ మోసేది, కండను లాగేది, గాయాన్ని మూసేది అన్నీ ప్రోటీన్లే. డీఎన్ఏ స్వయంగా ఈ పనులేవీ చేయదు. అది రాత, అంతే. చేత ప్రోటీన్‌ది.

మా పత్తిలోనే ఉదాహరణ ఉంది. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి ఒక జన్యువు తీసి పత్తిలో పెట్టారు. ఆ రాతను పత్తి కణం చదివి ఒక ప్రోటీన్ తయారు చేస్తుంది. కాయ తొలిచే పురుగు ఆ మొక్కను కొరికితే, పురుగు పేగులో ఆ ప్రోటీన్ అతుక్కుని రంధ్రాలు చేస్తుంది, పురుగు చచ్చిపోతుంది. బ్యాక్టీరియా రాసిన అక్షరాల్ని పత్తి మొక్క తప్పు లేకుండా చదివింది చూడండి. అంటే బ్యాక్టీరియాకు, పత్తికి, మనకు లిపి ఒక్కటే. సర్వజీవుల్లో ఒకే తత్వం అని మనం రోజూ అనుకుంటాం కదా, దానికి ఇది రుజువు అని నేను అనను. కానీ ఈ సంగతి తెలిసిన రోజున మా చేను గట్టు మీద నిలబడి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అదే రాత, వేరే బతుకు

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. రాతే అంతా అయితే, ఒకే రాత ఉన్న రెండు ఒకేలా ఉండాలి కదా?

మీ ఒంట్లోనే చూడండి. మీ కంటి కణంలో, కాలేయం కణంలో ఉన్న డీఎన్ఏ ఒక్కటే. ఇన్సులిన్ తయారు చేసే జన్యువు మీ చర్మంలోనూ ఉంది. కానీ చర్మం దాన్ని చదవదు. క్లోమంలోని కొన్ని కణాలు మాత్రమే చదువుతాయి. ఇంట్లో వంద పుస్తకాలున్నా తెరిచిందే కదా చదివినట్టు. ఏ పేజీ తెరుచుకోవాలి, ఏది మూసి ఉండాలి అన్నది ఆ కణం ఎక్కడుంది, పక్కన ఎవరున్నారు, ఏ ఆహారం అందుతోంది, ఏ ఒత్తిడి ఉంది అన్నవాటిని బట్టి కూడా ఉంటుంది.

నాగర్‌కర్నూల్ వైపు వెళ్తే నల్లమల అడవి. అక్కడి చెంచులు తలతరాల నుంచి తేనె తీస్తారు. తేనెపట్టులో రాణి ఈగ ఉంటుంది, వేల కూలి ఈగలుంటాయి. రాణి పెద్దది, గుడ్లు పెడుతుంది, ఏళ్ళ తరబడి బతకగలదు. కూలి ఈగ చిన్నది, పనిలో ఉండే కాలంలో కొన్ని వారాలకే అరిగిపోతుంది. రెండూ ఒకే రకం గుడ్డు నుంచి వచ్చినవే. రాణి కాబోయే పిల్లకు చివరిదాకా ప్రత్యేకమైన పాలు లాంటి ఆహారం పెడతారు. మిగతా పిల్లలకు మొదటి కొన్ని రోజుల తర్వాత పుప్పొడి, తేనె కలిపినది. పెట్టిన తిండిని బట్టి ఏ జన్యువులు తెరుచుకోవాలో, ఏవి మూసుకోవాలో మారిపోతుంది. రాణి కాగలిగే రాత కూలి ఈగలో కూడా ఉంది. దాన్ని ఎవరూ తెరవలేదు, అంతే.

ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది తేనెటీగలు కాదు. మా అక్క.

మా అక్క వేళ్ళు

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్ద. మా అమ్మ, పెద్దమ్మ ఒక తల్లి బిడ్డలు. మా అవ్వ ఎప్పుడూ అనేది, "వీడి కంటె దానికే బుర్ర ఎక్కువ రా" అని. నిజమే. ఎక్కాలు నాకు నేర్పింది అక్కే. వేలి గణుపుల మీద లెక్కపెట్టి కూలి డబ్బులు పెద్దవాళ్ళకంటే ముందు చెప్పేది.

అక్క ఐదో తరగతితో ఆపేసింది. క్రాసింగ్ పనికి చిన్న వేళ్ళు కావాలనేవాళ్ళు. పొట్టి మొక్కలో వంగి, లేత మొగ్గను చిట్లకుండా వలవడానికి ఆడపిల్లలైతే మంచిదనేవాళ్ళు. అసలు సంగతి, ఆడపిల్లలకు తక్కువ కూలి ఇవ్వచ్చు, ఎదురు చెప్పరు. ఆ రోజుల్లో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సీడ్ పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది పిల్లలే, వాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే అని అప్పటి అధ్యయనాలన్నీ చెప్పాయి. మాకు అధ్యయనాలు తెలియవు. మా చేనుకు అక్క వచ్చేది. సీజన్ అంతా మా ఇంట్లోనే ఉండి పని చేసేది.

నా స్కూల్ ఫీజు ఆ సీడ్ పత్తి డబ్బులతోనే కట్టారు. నేను వనపర్తిలో పాత రాజభవనంలో ఉన్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాను. తర్వాత ఇంజనీరింగ్, తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊరికి పోతే "వాడి తలరాత మంచిది", "తెలివి వాళ్ళ రక్తంలోనే ఉంది" అంటారు. విని నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల కొంచెం గర్వం కూడా ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు కణం సంగతి చూడండి. కేంద్రకం బయట మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. కణానికి శక్తినిచ్చేవి అవే. ఆ శక్తి ఏటీపీ అనే రూపంలో ఉంటుంది. దాన్ని 1929లో కనుగొన్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా ఉన్నారు. ఈ మైటోకాండ్రియాకు తమదంటూ చిన్న డీఎన్ఏ ఉంటుంది, 16,569 అక్షరాలు. అది మనకు తల్లి నుంచి మాత్రమే వస్తుంది. అంటే మా అవ్వ నుంచి మా అమ్మకు, మా పెద్దమ్మకు, అక్కడి నుంచి నాకు, అక్కకు. నేను కోడ్ రాయడానికి కాల్చే శక్తి, అక్క మొగ్గ వలవడానికి కాల్చిన శక్తి ఒకే రాత నుంచి వచ్చాయి. రక్తంలోనే తెలివి ఉంటే ఆ రక్తం ఆమెలోనూ ఉంది కదా. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఈ "రక్తంలోనే ఉంది" అనే మాటను మన వాళ్ళు కులాలకు కూడా వాడతారు. ఫలానా వాళ్ళకు లెక్కలు పుట్టుకతోనే వస్తాయి, ఫలానా వాళ్ళకు చదువు అబ్బదు అని. ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా తేడా సుమారు వెయ్యి అక్షరాలకు ఒకటి. ఆ కొంచెం తేడాను పట్టుకుని మనిషి విలువ తేల్చేసేవాళ్ళు, ఆ మనిషి తిన్నది ఏమిటి, చదివింది ఎక్కడ, పొద్దున ఐదింటికి లేచి ఎవరి చేనుకు పోయాడు అన్నది అడగరు.

భీష్ముడు చెప్పిన పోలిక

మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి మన తమ్ముడు అడిగిన ప్రశ్నే అడుగుతాడు. దైవం గొప్పదా, మనిషి ప్రయత్నం గొప్పదా అని. భీష్ముడు తన జవాబు కాకుండా, పూర్వం వసిష్ఠుడు అడిగితే బ్రహ్మ చెప్పిన జవాబు చెప్తాడు. అందులో ఒక పోలిక ఉంది. దైవం విత్తనం లాంటిదట, మనిషి ప్రయత్నం పొలం లాంటిదట. రెండూ కలిస్తేనే పంట.

పత్తి రైతు ఇంట్లో పుట్టినవాడికి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. విత్తనం లేకుండా దున్నినా పంట రాదు. మంచి విత్తనం తెచ్చి సంచిలో పెట్టుకున్నా పంట రాదు.

విత్తనాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు కూడా. కొన్ని రాతలు నిజంగానే బరువైనవి. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోని ఒక దండలో 146 పూసలుంటాయి. ఆరో పూస ఒక్కటి మారితే, అదీ డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల, ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. సికిల్ సెల్ అంటారు. ఆ జబ్బున్న పిల్లలు పడే నొప్పిని "మనసుంటే మార్గం ఉంటుంది" అని తీసిపారేయలేం. ఇంకోవైపు, ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యు లోపం ఉంది. దాంతో పుట్టిన బిడ్డకు మామూలు తిండి పెడితే మెదడు దెబ్బతింటుంది. పుట్టగానే పరీక్షలో పట్టుకుని, ఆ ఒక్క అమైనో ఆమ్లం తక్కువగా ఉండే ఆహారం పెడితే అందరిలాగే పెరుగుతుంది. రాత మారలేదు. చేను మారింది.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇది. రాసి ఉన్నది నిజమే. కానీ రాసి ఉన్నదంతా పండదు. చదవబడినదే పండుతుంది.

మిగతా సగం జవాబు నాకు మింగుడు పడటానికి చాలా ఏళ్ళు పట్టింది. భీష్ముడి పోలికలో పొలం అంటే ప్రయత్నం. ఎవరి ప్రయత్నం? నేను ఇన్నాళ్ళూ నా ప్రయత్నం అనుకున్నాను. రాత్రిళ్ళు చదివాను కదా, కష్టపడ్డాను కదా అని. నిజమే, చదివాను. కానీ నా పొలంలో గట్టు వేసింది నాన్న, కలుపు తీసింది అమ్మ, పువ్వు పువ్వుకూ వంగింది అక్క. నా ప్రయత్నం అని నేను పిలుస్తున్న దాంట్లో అక్క చదువుకోని ఐదేళ్ళు కలిసి ఉన్నాయి.

ఎవరి ఖర్మ?

ఒక ఏడాది జరిగింది చెప్తాను. సీడ్ పత్తి తీసుకున్నాక వెంటనే పూర్తి డబ్బులు రావు. విత్తనంలోంచి కొంత శాంపిల్ తీసి, నాటి, మొక్కలు అసలైన హైబ్రిడ్ అవునా కాదా అని చూస్తారు. దాన్ని జీఓటీ అంటారు. ఆ ఏడాది మా విత్తనం జీఓటీలో ఫెయిల్ అయింది. అప్పు మిగిలింది. ఊళ్ళోవాళ్ళు మా నాన్నతో, "నీ ఖర్మ అన్నా, ఏం చేస్తవ్" అన్నారు. ఆ సమయంలో నేను చూసింది మా నాన్నను కాదు. గడప దగ్గర కూర్చుని ఏడుస్తున్న అక్కను. "నేనే సరిగ్గా గిల్లలేదేమో" అంటోంది. అప్పటికి అక్కకు పదమూడేళ్ళు.

ఇప్పుడు నాకు తెలుసు, జీఓటీ ఫెయిల్ కావడానికి దారులు చాలా. మొగ్గలో ఒక పుప్పొడి తిత్తి మిగిలిపోవచ్చు. తేనెటీగ పక్క చేను పుప్పొడి తెచ్చి ఉండవచ్చు. అసలు మాకిచ్చిన మూల విత్తనంలోనే కల్తీ ఉండవచ్చు. ఏది జరిగిందో మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పెద్దవాళ్ళు ఎవరూ మా గడప ఎక్కలేదు. తప్పు మాత్రం అందరికంటే చిన్న వేళ్ళున్న పిల్ల మీద పడింది, అదీ ఆమె తనంతట తానే వేసుకుంది.

ఫ్రెండ్స్, మన ఛానెల్ చూసే మీ అందరికీ నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. కర్మ సిద్ధాంతాన్ని మనం తిరగేసి వాడుతున్నాం. అది నన్ను నేను అడుగుకోవడానికి ఉన్నది. నా చేతిలో ఉన్న పని నేను సరిగ్గా చేశానా, నా ఫలం మీద నాకున్న వ్యామోహం ఎంత అని. దాన్ని ఎదుటివాడి కష్టం మీద ముద్రలా వేస్తే, మనం చేయాల్సిన సాయం నుంచి తప్పించుకోవడానికి ఒక సాకు దొరికినట్టే. జబ్బుతో పుట్టిన బిడ్డ తల్లి దగ్గరికి పోయి "పూర్వజన్మ పాపం" అనేవాళ్ళను చూశాను. ఆ బిడ్డ డీఎన్ఏలో అక్షరం ఎందుకు మారిందో సైన్స్ చాలావరకు చెప్పగలదు. నకలు తీసేటప్పుడు పొరపాట్లు జరుగుతాయి, అవి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి. ఏ పాపానికి ఏ అక్షరం అని చెప్పే అధికారం మనకెవరిచ్చారు? "నీ జన్యువులు అంతే" అన్నా, "నీ ఖర్మ అంతే" అన్నా, అన్నవాడు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోవడానికే అంటాడు.

విత్తనం లోపల ఏముంది?

ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును మర్రిపండు తెమ్మంటాడు. పగలగొట్టమంటాడు. లోపల సన్నటి విత్తనాలు. ఒకదాన్ని పగలగొట్టమంటాడు. ఏం కనిపిస్తోంది అంటే, ఏమీ కనిపించడం లేదు అంటాడు కొడుకు. ఆ కనిపించని సూక్ష్మం నుంచే ఇంత పెద్ద మర్రి వచ్చిందని, నువ్వూ అదేనని తండ్రి చెప్తాడు.

ఈ కథ చెప్పి "చూశారా, డీఎన్ఏ!" అనేవాళ్ళుంటారు. నేను అలా అనను. ఇవాళ శ్వేతకేతువు చేతికి మంచి మైక్రోస్కోప్ ఇస్తే కణం కనిపిస్తుంది, కేంద్రకం కనిపిస్తుంది. ఇంకా లోపలికి పోతే హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట ఒక్కో అక్షరం చదివి చెప్తారు. అప్పుడు కూడా ఉద్దాలకుడు అడిగేది అదే అని నాకనిపిస్తుంది: సరే, ఇదంతా చూస్తున్నదెవరు? గీతలో కూడా ఒళ్ళు క్షేత్రం, దాన్ని తెలుసుకునేవాడు క్షేత్రజ్ఞుడు. నా జన్యువులు, నా కోపం, నా తెలివి అన్నీ క్షేత్రంలోవే. వాటిని "ఇది నా కోపం" అని చూడగలిగేది ఇంకొకటి ఉంది. జపం, సాధన ఎందుకు అంటే, డీఎన్ఏ అక్షరాలు మార్చడానికి కాదు. కోపం వచ్చినప్పుడు, అది నాలో వస్తోందని చూడగలిగే ఆ ఒక్క క్షణం పెంచుకోవడానికి.

ఇంకొకటి కూడా. అందరి క్షేత్రంలోనూ చూసేవాడు ఒక్కడే అని నిజంగా నమ్మితే, పక్క చేను ఎండిపోతుంటే నా చేను పచ్చగా ఉందని ఎలా సంబరపడతాం?

పోయిన దసరా

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కూతురు తొమ్మిదో తరగతి. కణం బొమ్మ గీస్తోంది. కేంద్రకం గీసి, మైటోకాండ్రియా గీసి పేర్లు రాస్తోంది. నేను పక్కన కూర్చుని గర్భగుడి, ఉత్సవ మూర్తి కథ చెప్పాను. అక్క వంటింట్లోంచి వింటోందని నాకు తెలియదు. పుప్పొడి గొట్టం దగ్గరికి వచ్చేసరికి బయటికి వచ్చింది.

"మేం అద్దినంక లోపల గంత పని జరుగుతదారా?" అంది.

అవునన్నాను. 26, 26 లెక్క చెప్పాను. జీఓటీ ఎందుకు ఫెయిల్ అవుతుందో, ఎన్ని దారుల్లో అవుతుందో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే ఆ ఏడు తప్పు నాది కాదా?"

దాదాపు పదహారేళ్ళు మోసింది ఆ ప్రశ్నను. నాకు నోట మాట రాలేదు. నిజం చెప్పాలి కాబట్టి, "ఏమో అక్కా, ఎవరిదో తెలవదు. కానీ నీ ఒక్కదానిది మాత్రం కాదు" అన్నాను. తల ఊపి మళ్ళీ వంటింట్లోకి పోయింది.

ఆ అమ్మాయి చదువు బాధ్యత ఇప్పుడు నాది కూడా. దీన్ని దానం అని చెప్పుకోవడం లేదు. అప్పు తీర్చడం అంటే సరిపోతుంది, అది కూడా మొత్తం తీరేది కాదు.

మీ జీవితంలో కూడా ఎవరో ఒకరు ఉంటారు. మీ పువ్వుకు పుప్పొడి అద్ది, తాను చేనులోనే ఉండిపోయినవాళ్ళు. అక్క కావచ్చు, చదువు మానేసి మిమ్మల్ని చదివించిన అన్న కావచ్చు, హాస్టల్లో అన్నం పెట్టిన అమ్మ కావచ్చు. ఈ వారం జపం పూర్తయ్యాక ఆ ఒక్కరికి ఫోన్ చేయండి. వాళ్ళ ఇంట్లో ఒక పిల్ల చదువుకుంటుంటే ఏం కావాలో అడగండి. "నీ ఖర్మ" అనే మాట నోటి దాకా వస్తే అక్కడే ఆపి, "నేనేం చేయగలను" అని అడిగి చూడండి.

వచ్చే వీడియోలో క్షేత్రజ్ఞుడి గురించి మిగిలింది మాట్లాడుకుందాం. అందాకా సెలవు. జై జోగులాంబ.